కొండను తవ్వాం, ఏనుగు లేదని తేలింది: ఆ మాట మాకూ చెప్పండి

వాలంటీర్ల కంప్యూటర్లతో ఆకాశాన్ని గాలిస్తున్న శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

పోయిన ఆదివారం నా పాత కంప్యూటర్ డబ్బా విప్పాను. ఫ్యాను రెక్కల మీద దుమ్ము బూడిదరంగు దూదిలా పేరుకుపోయి ఉంది. హీట్‌సింక్ సందుల్లో టూత్‌బ్రష్ పెట్టి గీకితే, ఒక చిన్న తివాచీ ముక్కలాంటిది మొత్తంగా ఊడి వచ్చింది. మెయిల్ చూసుకోవడానికీ, అడపాదడపా ఏదో టైప్ చేసుకోవడానికీ వాడే మెషీన్‌కి అంత దుమ్ము పట్టదు. పదకొండేళ్లుగా అది రాత్రీ పగలూ గాలి పీల్చింది మీ పని కోసం, అంటే మీరు పంపే డేటాలో నక్షత్రాల సంకేతాలు వెతికే లెక్కల కోసం.

శుభ్రం చేసి మళ్లీ ఆన్ చేశాక నా ఖాతా పేజీ తెరిచి మొత్తం లెక్క చూసుకున్నాను. పూర్తి చేసిన టాస్కులు, అంటే మీరు పంపిన లెక్కల ముక్కలు, వేలల్లో ఉన్నాయి. వాటికిచ్చే పాయింట్లు, క్రెడిట్, లక్షల్లో ఉంది. కనిపెట్టిన నక్షత్రాలు సున్నా.

సర్టిఫికెట్ రాలేదని ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సున్నా రావడమే మామూలని తెలిసే ఇందులో చేరాను. నేను అడిగేది ఒకటే. మా కంప్యూటర్లకు ఏమీ దొరకనప్పుడు, ఆ 'ఏమీ' అన్నది ఏమిటో మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. దొరికిన రోజున మీరు చక్కగా చెబుతున్నారు. దొరకని ఏళ్ల గురించి చెప్పేది మాత్రం జర్నల్ పేపర్లలో, మాలాంటివాళ్లు మూడో పేరాలోనే ఆగిపోయే భాషలో ఉంటోంది.

ఇది బహిరంగ లేఖ కాబట్టి మీతో పాటు మిగతావాళ్లూ చదువుతారు. వాళ్ల కోసం మీకు తెలిసిన సంగతులే కాస్త చెబుతాను, ఓపిక పట్టండి.

సూర్యుడికంటే చాలా రెట్లు బరువైన నక్షత్రం ఇంధనం అయిపోయి కూలిపోయినప్పుడు పైపొరలు పేలి చెదిరిపోతాయి. నడిమి భాగం లోపలికి కుంగి బిగుసుకుంటుంది. అలా మిగిలేదే న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడికన్నా ఎక్కువ పదార్థం సుమారు 20 నుంచి 25 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న బంతిలో ఇరుక్కుని ఉంటుంది. అందులోంచి ఒక చెంచాడు తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుందని ఎక్కడ చూసినా రాస్తారు. మాట నిజమే గానీ, నిజంగా తీస్తే అది చెంచాలో కూర్చోదు. పైనున్న ఒత్తిడి పోగానే పేలిపోతుంది. ఆ సంగతి ఎవరూ రాయరెందుకో!

ఇలాంటి నక్షత్రాల్లో కొన్ని తిరుగుతూ తమ అయస్కాంత ధ్రువాల దగ్గర్నుంచి రేడియో కిరణాలు వెదజల్లుతాయి. లైట్‌హౌస్ దీపంలా ఆ కిరణం మన వైపు తిరిగినప్పుడల్లా ఒక టిక్కు వినిపిస్తుంది. వాటినే పల్సర్లు అంటున్నాం. మొదటిదాన్ని 1967లో కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్ పట్టుకున్నారు. ఆమె టెలిస్కోపు రోజుకు దాదాపు 30 మీటర్ల చార్ట్ కాగితం కక్కేది. ఆ కాగితాన్నంతా కళ్లతో చూసుకుంటూ పోతుంటే, ఒకచోట అర సెంటీమీటరు పైచిలుకు పిచ్చిగీత కనిపించింది. మనుషుల రేడియో గోలలాగా లేదు, మిణుకుమనే నక్షత్రంలాగానూ లేదు. వేగంగా కాగితం తిప్పి మళ్లీ రికార్డు చేస్తే 1.337 సెకన్లకు ఒకసారి కొట్టుకుంటోందని తేలింది. 1974లో ఈ ఆవిష్కరణకు నోబెల్ వచ్చినప్పుడు ఆమె గైడ్ పేరు ఉంది, ఆమె పేరు లేదు. కాగితం చూసినవాళ్లకి దక్కాల్సింది దక్కకపోవడం ఈ రంగానికి కొత్తేమీ కాదన్నమాట. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

ఆ రోజుల్లో కాగితం మీద కంటికి కనిపించే పల్సర్లు ఇప్పుడు దాదాపు అయిపోయాయి. మిగిలినవి గోలలో మునిగిపోయి ఉన్నాయి. మా కంప్యూటర్ల అవసరం పడింది అక్కడే.

వేల మంది గోల చేస్తున్న మైదానంలో ఒకడెక్కడో తాళం వేస్తున్నాడనుకోండి. ఒక చప్పట్లో అది వినిపించదు. కానీ ఎన్ని క్షణాలకోసారి వేస్తున్నాడో మీకు ముందే తెలిస్తే, రికార్డింగును అదే కొలతకు ముక్కలు కోసి ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. గోల గోలను కొట్టేసుకుంటుంది, తాళం మాత్రం పోగుపడి పైకి తేలుతుంది. చిక్కేమిటంటే వేగం తెలీదు. కాబట్టి ఉండగల ప్రతి వేగాన్నీ వేసి చూడాలి. పైగా వాడు మెల్లమెల్లగా అలిసిపోతున్నాడు, తాళం కాస్త కాస్త నెమ్మదిస్తోంది. అది ఎంతో తెలీదు, దానికీ ఉండగల ప్రతి విలువా వేసి చూడాలి. ఇంకా ఘోరం, వాడు మరొకడి చుట్టూ పరుగెడుతూ తాళం వేస్తున్నాడు. దగ్గరికి వచ్చేటప్పుడు దరువు దగ్గరపడుతుంది, దూరం పోయేటప్పుడు సాగుతుంది. ఆ పరుగు బాట ఎంత పెద్దదో, ఎంతసేపటికోసారి చుట్టి వస్తున్నాడో, అవన్నీ మళ్లీ వేసి చూడాల్సిన అంకెలే. ఒక్కొక్క తెలియని సంగతి లెక్కను ఎన్నో రెట్లు పెంచుతుంది. వినే మనం కూడా కదలకుండా కూర్చోలేదు. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ పోతోంది. కాబట్టి ఆకాశంలో చూసే ప్రతి చోటికీ వేరే సవరణ కావాలి.

ఇలాంటి పనిని లక్షల ముక్కలు చేసి ఇళ్లలోని కంప్యూటర్లకు పంచే ఆలోచన 1999 మేలో సెటీ ఎట్ హోమ్‌తో జనంలోకి వచ్చింది. అప్పుడు వెతికింది గ్రహాంతర జీవుల సంకేతాల కోసం. తర్వాత దాన్ని నడిపిన అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ బృందం నుంచే బోయింక్ అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పుట్టింది. దాని మీద 2005 ఫిబ్రవరిలో మొదలైన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ నేటికీ నడుస్తోంది. ఈ ఉత్తరంలో దాని ఉదాహరణలే ఎక్కువ వస్తాయి. బాగా నడిచినవాటిలో అదొకటి, అందుకు. నా ఫిర్యాదు ఏ ఒక్క ప్రాజెక్టు మీదా కాదు.

మా ఇళ్లలో ఈ పని ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు, కాబట్టి అదీ చెబుతాను. టాస్కు దిగుతుంది. అర గజం పొడవు పేరు, అందులో అంకెలూ అడ్డగీతలూ. ఒక శాతం, రెండు శాతం అని మెల్లగా పాకుతుంది. కొన్ని రకాల టాస్కులు తొంభై దాటాక బిగుసుకుపోయినట్టు ఆగుతాయి. కొత్తవాళ్లు అక్కడ టెన్షన్ పడి రద్దు చేసేస్తారు. నిజానికి అది చచ్చిపోలేదు, చివర్లో దొరికినవాటిలో గట్టివాటిని మళ్లీ సరిచూసుకుంటోంది. అలవాటైనవాళ్లం కదపకుండా వదిలేస్తాం. పూర్తయ్యాక ఫలితం మీకు వెళుతుంది, మా పేజీలో 'పెండింగ్' అని పడుతుంది. ఎందుకంటే అదే టాస్కు ప్రపంచంలో ఎక్కడో ఇంకొకరి కంప్యూటర్‌కీ వెళ్లింది. ఇద్దరి జవాబులూ కలిస్తేనే లెక్క. ఆ రెండో మనిషిని మాలో వింగ్‌మ్యాన్ అంటాం. ఎవరో తెలీదు, ఏ భాషవాడో తెలీదు. వాడి కోసం కొన్నిసార్లు వారాలు ఎదురుచూస్తాం.

ఒకసారి నా జవాబు వింగ్‌మ్యాన్ జవాబుతో కలవలేదు. మీ సర్వర్ మూడో కంప్యూటర్‌కి పంపింది. మూడోది అతనితో కలిసింది. నాది చెల్లలేదు. మర్నాడు ఇంకోటి, ఆ తర్వాత ఇంకో రెండు చెల్లలేదు. నేను మీ ప్రోగ్రాంనే అనుమానించాను, మనిషి బుద్ధి కదా. చివరికి మెమరీ టెస్టు ఒక రాత్రంతా నడిపితే పొద్దున తెర నిండా ఎర్ర గీతలు. రెండు ర్యామ్ చిప్పుల్లో ఒకటి పాడైపోయింది. మామూలు వాడకంలో ఏ తేడా తెలియలేదు, ఎప్పుడైనా బ్రౌజర్ ఆగిపోతే మన ఖర్మ అనుకునేవాణ్ణి. వెయ్యి కాంతి సంవత్సరాల అవతలి నక్షత్రం కోసం చేసిన లెక్క, నా బల్ల కింది డబ్బాలో ఉన్న రోగం బయటపెట్టింది. ఆ వింగ్‌మ్యాన్‌కి ఇప్పటికీ థాంక్స్ చెప్పే దారి లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మేము కరెంటు మాత్రమే ఇస్తున్నామని అనుకోవద్దు. ఫలితం సరైనదో కాదో పట్టించుకుంటాం. తప్పు జవాబు వెళ్లిందంటే సిగ్గుపడతాం. పట్టించుకునేవాళ్లకి ఫలితమేమిటో చెప్పాలి కదా.

దొరికినప్పటి సంగతి వేరు. 2010 ఆగస్టులో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ మొదటి పల్సర్‌ని ప్రకటించింది. దాని పేరు పీఎస్‌ఆర్ జే2007+2722. ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు 2007లో తీసిన డేటాలో అది మూడేళ్లు కూర్చుని ఉంది. సెకనుకు దాదాపు 41 సార్లు తిరుగుతోంది. పట్టుకున్న కంప్యూటర్లు అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక దంపతులవీ, జర్మనీలో మైంజ్ విశ్వవిద్యాలయంలోని ఒకరివీ. వాళ్ల పేర్లు ప్రకటనలో వేశారు. అది తోడు లేని ఒంటరి పల్సర్ అనీ, ఒకప్పుడు పక్కనే మరో నక్షత్రం ఉండి దీనికి పదార్థం తినిపించి, తర్వాత తానూ పేలి దీన్ని వదిలేసి ఉంటుందనీ మీరు వివరించారు. నాకు ఒక్క వాక్యం కూడా కష్టం కాలేదు.

తర్వాత ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు పాత డేటా. దాన్ని అప్పటికే నిపుణులు ఒకటికి నాలుగుసార్లు జల్లెడ పట్టారు. అదే డేటాను వాలంటీర్ల కంప్యూటర్లలో మళ్లీ వేస్తే 2013 నాటికి 24 కొత్త పల్సర్లు తేలాయి. 'ఏమీ లేదు' అని ఒకసారి అన్నచోటే రెండు డజన్లు! ఫెర్మి ఉపగ్రహం గామా కిరణాల డేటాలో 2017లో దొరికిన ఇంకొకటి, తాను పుట్టిన పేలుడు శిథిలాల్లోంచి తోక ఈడ్చుకుంటూ ఫిరంగి గుండులా బయటికి పోతోందని 2019లో రేడియో చిత్రాలు చూపించాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2020 నాటిది, పీఎస్‌ఆర్ జే1653-0158. అక్కడ గామా కిరణాలు వస్తున్నాయని ఏనాటినుంచో తెలుసు. 75 నిమిషాలకోసారి చుట్టి వచ్చే ఏదో జంట ఉందని ఆప్టికల్ టెలిస్కోపులు చెప్పాయి. పల్సర్ ఉందని అందరికీ అనుమానమే, రేడియోలో ఒక్క టిక్కూ దొరకలేదు. వేల మంది వాలంటీర్ల గ్రాఫిక్స్ కార్డులు రెండు వారాల లోపే దాన్ని బయటికి లాగాయి. ఒక్క ప్రాసెసర్ కోర్ మీద చేస్తే శతాబ్దాలు పట్టే లెక్క అది. నిమిషానికి 30 వేల చుట్లు తిరిగే నక్షత్రం. దాని తోడు బరువు సూర్యుడిలో వందో వంతు మాత్రమే. ఇద్దరి మధ్యా దూరం భూమికీ చంద్రుడికీ మధ్య ఉన్న దూరంకన్నా కాస్తే ఎక్కువ. చంద్రుడు ఒక చుట్టుకి నెల తీసుకుంటుంటే ఇది గంటంబావులో చుట్టేస్తోంది. పల్సర్ తన వేడితో ఆ తోడును కాస్త కాస్త కాల్చి హరిస్తోంది. అందుకే ఈ రకం జంటలకు బ్లాక్ విడో అనే సాలీడు పేరు పెట్టారు. ఆ వార్త చదివిన రోజు నా టాస్కుల జాబితా మొత్తం వెనక్కి తిప్పి చూసుకున్నాను, నేనూ ఆ రెండు వారాల్లో ఉన్నానా అని.

ఇవి పండగ రోజులు. అయితే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ మొదలైంది వీటి కోసం కాదు కదా. అసలు పని గురుత్వ తరంగాలు, అంటే బరువైనవి కదిలినప్పుడు స్థలకాలంలో లేచే సన్నటి అలలు. 2015 సెప్టెంబరు 14న ఆ అలలను పట్టే అమెరికా డిటెక్టర్లు, లైగో, పట్టుకున్నది రెండు కృష్ణబిలాలు ఢీకొన్న చప్పుడు, సెకనులో కొంత భాగమే. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నది వంద సెకన్లదాకా వినిపించింది. వాలంటీర్లం వెతుకుతున్నది అలాంటి ఢమాలు కాదు. ఒంటరిగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం పూర్తి గుండ్రంగా లేకపోతే, దాని మీద ఒక బొడిపె ఉంటే, నెలలూ ఏళ్లూ ఆగకుండా సన్నగా మోగుతుంది. ఆ మోతను ఇన్నేళ్లుగా వెతుకుతున్నాం. ఇప్పటికి దొరకలేదు.

ఆ బొడిపెను మీరు 'కొండ' అంటారు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. న్యూట్రాన్ నక్షత్రం పైపొర మనకు తెలిసిన ఏ పదార్థం కన్నా గట్టిదే అయినా, దాని గురుత్వం ముందు పెద్ద ఎత్తు నిలబడదు. మామూలు పైపొర మోయగలిగిన ఎగుడుదిగుడు మొత్తం సైజులో పది లక్షల్లో కొన్ని వంతులేనని లెక్కలు చెబుతున్నాయి. పది కిలోమీటర్ల వ్యాసార్థం మీద అది కొన్ని సెంటీమీటర్లు. నా వేలు పొడుగు కొండ! దాని మోత వినడానికి నాలుగు కిలోమీటర్ల చేతులున్న లైగో డిటెక్టర్లు, ఇన్ని ఇళ్లలో ఫ్యాన్లు.

ఇక్కడే నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం అంటుంది. మాకు ఎలుక కూడా దొరకలేదు. కానీ తవ్వినచోట ఏనుగు లేదని తేలింది. ఏనుగు ఉండవచ్చని గట్టిగా నమ్మినవాళ్లున్న చోట, లేదని తేల్చడం చిన్న పనా?

ఏనుగంటే ఏమిటో చెబుతాను. ఈ నక్షత్రాల గర్భంలో ఏముందో ఇంకా ఎవరూ తేల్చలేదు. న్యూట్రాన్లు నలిగి విడిపోయి, వాటి లోపల ఉండే ఇంకా చిన్న కణాల, అంటే క్వార్కుల, ముద్దగా మారి ఉండవచ్చని ఒక ఆలోచన. కొన్నయితే నడిమధ్య నుంచి అంచుదాకా మొత్తం క్వార్కు నక్షత్రాలే కావచ్చని 1984 నుంచి సీరియస్‌గా చర్చ నడుస్తోంది. అలాంటి ముద్ద గట్టిగా బిగిసి ఘనరూపంలో ఉంటే అది మామూలు పైపొరకన్నా ఎన్నో రెట్లు ఎత్తైన కొండలను మోయగలదు. సెంటీమీటర్లు కాదు, మీటర్లు. ఎత్తైన కొండ గట్టిగా మోగుతుంది. మన చుట్టుపక్కల వేగంగా తిరిగే అలాంటి నక్షత్రం, నిజంగా అంత పెద్ద కొండతో ఉండి ఉంటే, ఈపాటికి మా కంప్యూటర్లలో ఎక్కడో ఒకచోట గంట మోగాలి. మోగలేదు. కాబట్టి క్వార్కు నక్షత్రాలు లేవని చెప్పలేం, ఉన్నా వాటికి కొండలు లేకపోవచ్చు. కానీ 'ఇంత దగ్గర్లో, ఇంత వేగంతో, ఇంత ఎత్తు కొండతో' అనే గది మాత్రం ఖాళీ అని తలుపు మీద రాసిపెట్టవచ్చు. ఆ తలుపులు ఏళ్లుగా ఒక్కొక్కటీ మూస్తున్నది మేమే. ఏ తలుపు మూశామో మాకే తెలీదు.

ఇది ఎంత బాగా చెప్పవచ్చో మీలోనివాళ్లే ఒకసారి చూపించారు. పీత నెబ్యులా నడుమ ఒక పల్సర్ ఉంది, 1054లో భూమ్మీద జనం కళ్లారా చూసిన పేలుడు మిగిల్చినది. సెకనుకు 30 సార్లు తిరుగుతూ క్రమంగా నెమ్మదిస్తోంది. పోతున్న శక్తి ఎలా పోతోంది అనేది ప్రశ్న. 2008లో లైగో బృందం వెతికి, గురుత్వ తరంగం దొరకలేదని చెప్పి, అక్కడితో ఆగలేదు. దొరకలేదు కాబట్టి ఆ పల్సర్ కోల్పోయే శక్తిలో గురుత్వ తరంగాల వాటా 4 శాతానికి మించదని చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో 'లేదు' అన్నదానికి ఒక బరువు వచ్చింది. నాకు అర్థమైంది, ఎవరికైనా చెప్పగలను కూడా.

మా పనిని అందరూ ఉడతాభక్తి అంటారు. మర్యాదకే అంటారు, నాకూ కోపం లేదు. కానీ ఉడతకి వారధి కళ్ల ముందు కనబడేది. తాను దులిపిన ఇసుక ఏ రాళ్ల సందులోకి పోయిందో చూసుకునే వీలుంది. మాకు 'పెండింగ్' పోయి 'వ్యాలిడ్' అని పడుతుంది, అంతే.

నేను ఒకప్పుడు పనిచేసిన ఇంకో ప్రాజెక్టు గురించి చెప్పాలి. పేరెందుకులెండి. మూడేళ్లు దానికి టాస్కులు చేశాను. ఒక వారం కొత్త పని రాలేదు. సర్వర్ మెయింటెనెన్స్ అనుకున్నాను. నెల గడిచింది. చేసిన ఫలితాలు నాలుగు నా డిస్కులో అప్‌లోడ్ కాకుండా ఉండిపోయాయి. రెండు గంటలకోసారి ప్రోగ్రాం తలుపు తడుతుంది, జవాబు రాక వెనక్కి వస్తుంది, మళ్లీ తడుతుంది. లాగ్ ఫైలు నిండా అదే వరస. డబ్బులు అయిపోయాయో, నడిపే విద్యార్థి చదువు ముగించుకుని వెళ్లిపోయాడో, నాకు ఈనాటికీ తెలీదు. ఆ నాలుగు ఫలితాలను చాలాకాలం చెరిపేయలేదు. పనికిమాలిన మమకారం, ఒప్పుకుంటాను.

ముగింపు చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31 తర్వాత కొత్త పని పంపడం ఆపేసింది. ఆపేముందే చెప్పింది, ఎందుకో చెప్పింది. తమకు కావలసిన డేటా దాదాపు మొత్తం చూసేశామనీ, ఇక వచ్చిన ఫలితాలను కూర్చుని విశ్లేషించి రాయాల్సి ఉందనీ. ఇరవై ఏళ్లు ఏమీ దొరకని ప్రాజెక్టే అది కూడా. అయినా చాలామంది వాలంటీర్లు కోపంతో కాదు, బాధతో వీడ్కోలు చెప్పి వేరే ప్రాజెక్టులకు మళ్లారు.

కరెంటు సంగతి కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. 'మీ కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు' అని మీ పరిచయ పేజీల్లో రాస్తారు. ఊరికే ఉన్న కంప్యూటర్, పూర్తిగా పనిచేసే కంప్యూటర్ ఒకటే కరెంటు తాగవు. ఫుల్ లోడ్ మీద గది వేడెక్కుతుంది, బిల్లు పెరుగుతుంది. అది తెలిసే ఇస్తున్నాం. అయితే నా పాత ప్రాసెసర్ ఒక రోజంతా చేసే పనిని ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు చాలా తక్కువ సేపట్లో, తక్కువ కరెంటుతో చేసేస్తుంది. అలాంటప్పుడు 'మీ మెషీన్ సేవ చాలు, ఇక విశ్రాంతి ఇవ్వండి' అని చెప్పే ధైర్యం మీకుండాలి. ఏ రకం టాస్కుకి పాత ప్రాసెసర్ ఇంకా పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఒక పట్టిక పెడితే చాలు. నొచ్చుకుంటాం, కానీ అర్థం చేసుకుంటాం.

అసలు విన్నపానికి వస్తాను. ప్రతి వెతుకులాట ముగిసినప్పుడు, పేపరు రాసినప్పుడు, దాని పక్కన ఒక్క పేజీ మా కోసం రాయండి. నమూనా నేనే రాసి చూపిస్తాను, అంకెలు మీరు పూరించండి:

'ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు మీ కంప్యూటర్లు చేసిన టాస్కులతో, సెకనుకు ఇన్ని నుంచి ఇన్ని సార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రాల కోసం ఆకాశమంతా వెతికాం. భూమి నుంచి ఇన్ని కాంతి సంవత్సరాల లోపు, ఇంత ఎత్తు కొండతో అలాంటిది ఒక్కటి ఉన్నా మనకు వినిపించేది. వినిపించలేదు. పోయినసారి ఇంతకు రెట్టింపు ఎత్తు కొండల వరకే తేల్చగలిగాం, ఈసారి అందులో సగం ఎత్తువాటిని కూడా తోసిపుచ్చాం. అనుమానం కలిగించిన సంకేతాలు ఇన్ని వచ్చాయి. అవన్నీ డిటెక్టర్ దగ్గరి కరెంటు తీగల రొద వంటివని తేలింది. ఈ వెతుకులాటలో మీ కంప్యూటర్ చేసిన టాస్కులు ఇన్ని.'

అంతే. పది వాక్యాలు కూడా లేవు. చివరి వాక్యం మీ డేటాబేసులో ఇప్పటికే ఉంది, ఎవరి ఖాతా కింద ఏ టాస్కు జరిగిందో మీకు తెలుసు. మిగతాది మీ పేపరులోని సారాంశమే, కాస్త కిందికి దించి రాయాలి. మీ విద్యార్థుల్లో ఒకరికి రెండు పూటల పని. తర్జుమా సంగతి మాకు వదిలేయండి. మీరు మామూలు ఇంగ్లీషులో రాస్తే మా మా భాషల్లోకి మేమే తెచ్చుకుంటాం. ఇన్నేళ్లు కరెంటు ఇచ్చినవాళ్లం, ఒక గంట ఇవ్వలేమా.

'ఏమీ దొరకలేదని అలా రాస్తే జనం నిరుత్సాహపడి వెళ్లిపోతారేమో' అని మీలో కొందరికి భయం ఉండవచ్చు. వెళ్లేవాళ్లు ఎలాగూ మూడో నెలలోనే వెళ్లిపోతారు. ఉన్నవాళ్లం సున్నాతో కాపురం చేయడం నేర్చుకున్నవాళ్లం. మమ్మల్ని విసిగించేది సున్నా కాదు, దాని మీద మాటే లేకపోవడం.

ఇంకొకటి. అరెసిబో టెలిస్కోపు 2020 డిసెంబరు 1న కూలిపోయింది. 900 టన్నుల ప్లాట్‌ఫాం 305 మీటర్ల పళ్లెం మీద పడింది. ఆ కన్ను ఇక తెరుచుకోదు. కానీ అది కూలకముందు చూసింది డిస్కుల మీద భద్రంగా ఉంది. పార్క్స్ పాత డేటాలో 24 దొరికిన సంగతి తెలిసినవాళ్లం కాబట్టి అడుగుతున్నాను, ఏ డేటాను ఏ లోతు వరకు చూశామో, ఇంకా ఏ లోతు మిగిలిందో కూడా ఆ పేజీలో ఒక ముక్క వేయండి. తర్వాత ఎప్పుడో, ఇంకెవరి కంప్యూటరో, మేము ఆపినచోటి నుంచి మొదలుపెట్టవచ్చు.

దుమ్ము దులిపాక ఫ్యాను చప్పుడు బాగా తగ్గింది. ఇది రాస్తుండగా పక్కన ఒక గురుత్వ తరంగాల టాస్కు 61 శాతం దగ్గర పాకుతోంది. తెల్లవారేసరికి పూర్తయి మీకు చేరుతుంది. వింగ్‌మ్యాన్ ఎవరో ఇంకా పంపలేదు. అందులో ఏమీ ఉండదనే నా అంచనా. అందులో ఏం లేదో రాయండి.

ఇట్లు,
మీ వాలంటీర్లలో ఒకడు